యూనివర్సిటీల పరిశోధనకు సర్కారు సొమ్ము: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఒక విశ్వవిద్యాలయంలో, ప్రాజెక్టుల అకౌంట్స్ సెక్షన్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేసి 2023లో రిటైరయ్యాను. సొంతూరు గూడూరు, ఇల్లు వేలచ్చేరి. ప్రొఫెసర్లకు ఢిల్లీ నుంచి వచ్చే డబ్బు లెక్కలు నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. అందుకని పేపర్లో కోట్ల వార్త ఏది వచ్చినా మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లూ, పిల్లల్ని ఇక్కడ చేర్పించడానికి నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే చుట్టాలూ నన్నే పట్టుకుంటారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. నేను సైంటిస్టుని కాదు, గుమస్తాని. లెక్కల పుస్తకం వైపు నుంచి చూసినవాడి మాటలుగానే తీసుకోండి.

కొత్తవి కనిపెట్టడం కంపెనీల పని కదా బాబాయ్, ప్రభుత్వం యూనివర్సిటీలకు ఎందుకు పెట్టాలి?

2024 మే 30న శ్రీహరికోట నుంచి అగ్నికుల్ అనే చెన్నై కంపెనీ తన మొదటి రాకెట్ ఎగరేసింది. త్రీడీ ప్రింటింగ్‌తో ఒకే ముక్కగా చేసిన సెమీ క్రయోజెనిక్ ఇంజిన్ దానిది. సూళ్లూరుపేటలో ఉండే మా పెద్దమ్మ కొడుకు పొద్దున్నే ఫోన్ చేసి "మేడ మీద నుంచి చూశాన్రా" అని ఒకటే సంబరం. స్టార్టప్ ఘనత అని పేపర్లన్నీ రాశాయి. రాయాల్సిందే. అయితే ఆ కంపెనీ పుట్టింది ఐఐటీ మద్రాస్ ఆవరణలో. అక్కడ దహనం మీద పరిశోధన చేసే జాతీయ కేంద్రం ఒకటుంది, కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ డబ్బుతో నిలబడింది. గొట్టంలో మంట ఎలా మండుతుంది, ఎప్పుడు వణుకుతుంది, ఎప్పుడు ఆరిపోతుంది అని ఏళ్ల తరబడి చూస్తూ కూర్చునే పనికి ఏ కంపెనీ జీతమిస్తుంది? మూడు నెలలకోసారి వాటాదార్లకు లెక్క చూపాల్సినవాడికి అంత ఓపిక ఎక్కడిది?

శక్తి ప్రాసెసర్‌దీ ఇదే దారి. ప్రొఫెసర్ కామకోటి గారి బృందం ఐఐటీ మద్రాస్‌లో, కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ సాయంతో రూపొందించిన చిప్ అది. రోడ్ల మీద కనిపించే ఏథర్ స్కూటర్లు పెట్టిన ఇద్దరు కుర్రాళ్లూ ఆ క్యాంపస్ నుంచి వచ్చినవాళ్లే. తరమణిలో అదే ఐఐటీ 2010లో తెరిచిన రీసెర్చ్ పార్క్ దేశంలో ఒక విద్యాసంస్థ కట్టిన మొదటిది. అక్కడ కంపెనీవాళ్లూ, ప్రొఫెసర్లూ, విద్యార్థులూ ఒకే క్యాంటీన్‌లో తింటారు. ఆ క్యాంటీన్ విలువ ఏ ఆడిట్ రిపోర్టులోనూ రాదు.

దేశం మొత్తం మీద పరిశోధనకు ఎంత పెడుతున్నాం?

2020-21 లెక్కలో దాదాపు 1,27,000 కోట్లు. వినడానికి గొప్పగానే ఉంది. జీడీపీతో పోలిస్తే 0.64 శాతం, అంటే దేశం సంపాదించే ప్రతి వంద రూపాయల్లో అరవై నాలుగు పైసలు. చైనా సుమారు రెండున్నర రూపాయలు, దక్షిణ కొరియా ఐదు రూపాయలకు దగ్గరగా పెడతాయి. ఆ దేశాల్లో ఎక్కువ భాగం కంపెనీలే భరిస్తాయి. మన దగ్గర ప్రైవేటు వాటా మూడో వంతు దాటి కొంచెం, అంతే.

అందరూ ఆ అరవై నాలుగు పైసల దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే ఇంకో అంకె చూడండి: ఆ మొత్తంలో యూనివర్సిటీలు, కాలేజీల వాటా 9 శాతం కూడా లేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పరిశోధన కోసం విడిగా ప్రయోగశాలలు కట్టుకున్నాం. సీఎస్‌ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి), అణుశక్తి, తర్వాత అంతరిక్షం, రక్షణ. అవి చేసిన మేలు తక్కువేం కాదు. కాకపోతే పరిశోధన ప్రహరీకి అటువైపు, పాఠం ఇటువైపు అయిపోయింది. ఇప్పుడు మాట్లాడుతున్న సంస్కరణలన్నీ ఒక రకంగా ఆ గోడలో తలుపు పెట్టే ప్రయత్నాలే.

అలాంటి తలుపు చెన్నైలో ఎప్పుడో పెట్టినవాడు మన తెనాలి దగ్గర యలవర్రు మనిషి, యలవర్తి నాయుడమ్మ గారు. 1948లో మొదలైన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టర్. ఆ సంస్థా, అణ్ణా యూనివర్సిటీ సర్దార్ పటేల్ రోడ్డు మీద ఇరుగుపొరుగు. లెదర్ టెక్నాలజీ పిల్లలు డిగ్రీ యూనివర్సిటీ పేరు మీద తీసుకుంటారు, చదువు ఆ పరిశోధన సంస్థలో నడుస్తుంది. చర్మకారులకు పనికొచ్చేదాకా తీసుకెళ్తేనే పరిశోధన అని ఆయన పట్టు. ఆ ప్రహరీ పక్కనుంచి బస్సులో వెళ్లినప్పుడల్లా, గుంటూరు జిల్లా రైతుబిడ్డ ఇక్కడ ఇంత చేశాడా అనుకుంటాను.

ఏఎన్ఆర్ఎఫ్ అంటే ఏమిటి? యాభై వేల కోట్లు ఇస్తారట కదా?

అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. 2023లో పార్లమెంటు చట్టం చేసి పెట్టింది. అంతకుముందు ప్రొఫెసర్లకు గ్రాంట్లిచ్చిన సెర్బ్ అనే బోర్డు ఇందులో కలిసిపోయింది. అధ్యక్షుడు ప్రధానమంత్రే. పేరున్న సంస్థను కేంద్రంగా పెట్టుకుని చుట్టూ చిన్న యూనివర్సిటీలను చేర్చి కలిపి గ్రాంటు ఇచ్చే పథకం ఒకటి మొదలుపెట్టారు, అది మంచి ఆలోచన. పెద్ద సంస్థలోని మైక్రోస్కోపు చిన్న కాలేజీ పిల్లకూ అందాలంటే అదే మార్గం.

ఇక యాభై వేల కోట్ల సంగతి. అది ఐదేళ్లకు. అందులో కేంద్రం పెడతానన్నది 14,000 కోట్లు. మిగిలిన 36,000 కోట్లు పరిశ్రమలు, దాతలు, ఇతరుల నుంచి రావాలి. నలభై ఇళ్లలో చందా రాస్తారన్న నమ్మకంతో వినాయక చవితి పందిరికి అడ్వాన్సు ఇచ్చినట్టుంది. రాస్తే సంతోషమే.

మరి ఆ లక్ష కోట్ల పథకం? అది యూనివర్సిటీలకేనా?

కాదు. 2025 జూలైలో కేబినెట్ ఒప్పుకున్న ఆర్డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఇన్నోవేషన్) నిధి ప్రైవేటు రంగం కోసం. తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలం అప్పులు, కొంత వాటా పెట్టుబడి. ప్రయోగశాలలో రుజువై, యంత్రంగా మారే దశకు వచ్చినవాటికే. మొదటి ఆలోచన దశలో ఉన్న ప్రొఫెసర్ దీని వైపు చూసి లాభం లేదు.

డబ్బు మంజూరైంది అని పేపర్లో వస్తే ప్రొఫెసర్ చేతికి వచ్చినట్టేనా?

ఈ ప్రశ్న కోసమే ఇదంతా రాశాను అనుకోండి.

శాంక్షన్ ఆర్డర్ రావడం నిశ్చితార్థం లాంటిది. పెళ్లి చాలా దూరం. మొదటి వాయిదా వస్తుంది. దాన్ని ఖర్చు చేసి, చేశామని వినియోగ ధ్రువపత్రం, మా భాషలో యూసీ, పంపితే గానీ రెండోది రాదు. యూసీకి ప్రొఫెసర్, ఫైనాన్స్ ఆఫీసర్, రిజిస్ట్రార్ సంతకాలు. ఒక్కరు సెలవులో ఉంటే వారం పోతుంది. వాయిదా ఒక్కోసారి జనవరి చివర్లో వచ్చి, మార్చి 31 లోపు ఖర్చు చూపించమంటుంది. విదేశం నుంచి రావాల్సిన యంత్రానికి టెండరు, పోలిక పట్టిక, కమిటీ, ఆర్డరు అన్నీ రెండు నెలల్లో! మార్చిలో మా సెక్షన్‌లో రాత్రి తొమ్మిదింటికి టీ తెప్పించుకునేవాళ్లం. ఆ హడావిడిలో కొన్నవన్నీ అవసరమైనవే అని నేను ప్రమాణం చేయలేను.

పన్ను సంగతి చెబుతాను. 2022 జూలై వరకు పరిశోధన పరికరాల మీద జీఎస్టీ 5 శాతం ఉండేది. ఆ రాయితీ ఎత్తేశారు, 18 అయింది. మా దగ్గర ఒక కెమిస్ట్రీ మేడమ్‌కు యంత్రం కోసం 40 లక్షలు మంజూరై ఉన్నాయి. యంత్రం ధర 38 లక్షలు. పాత పన్నుతో 39 లక్షల 90 వేలు, అచ్చంగా సరిపోయేది. కొత్త పన్నుతో 44 లక్షల 84 వేలు. ఆవిడ నా కాలిక్యులేటర్ తీసుకుని తనే రెండుసార్లు కొట్టి చూసుకున్నారు. "ఏదో పొరపాటు ఉంటుంది సార్" అన్నారు. పొరపాటేం లేదు. చివరికి యంత్రంలో రెండు భాగాలు తీయించి, చిన్నది కొన్నారు. 2024 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ పరిశోధన గ్రాంట్ల మీదనే పన్ను అడిగే నోటీసుల గొడవకు తెర దించింది, అది వేరే విషయం. పరికరాల మీద 18 అప్పుడు కూడా అలాగే ఉండిపోయింది.

కొనుగోలు నియమాలూ అంతే. ఎల్1, అంటే తక్కువ ధర చెప్పినవాడికే ఆర్డరు. పైగా జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల పోర్టల్‌లో కొనాలి. గ్లాసు బీకరైతే సరే, ఒక్క దేశంలోనే తయారయ్యే లేజర్‌ను అక్కడ ఎలా వెతకాలి? 2025 జూన్‌లో కేంద్రం దీన్ని కాస్త సడలించింది: పరిశోధన సామగ్రిని జెమ్ బయట కొనడానికి వైస్ ఛాన్స‌లర్, డైరెక్టర్ అనుమతిస్తే చాలు, కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలకు పెరిగింది. నా ఉద్యోగకాలంలో వచ్చి ఉంటే ఆఫీసులో స్వీట్లు పంచేవాణ్ని. అయితే అది కేంద్రం నియమం. తమిళనాడు విశ్వవిద్యాలయాలకు రాష్ట్రానిదే ఒక టెండర్ల చట్టం ఉంది, 1998ది. ఒకే బిల్డింగ్‌లో ఒక ప్రాజెక్టు ఒక నియమంతో, పక్క గది ప్రాజెక్టు ఇంకో నియమంతో నడుస్తుంది.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఒక పంపు. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో పల్చటి లోహపు పూతలు వేసే యంత్రానికి గాలి లాగే పంపు అది. కొన్నది ఎప్పుడో ముగిసిపోయిన ప్రాజెక్టులో. దాన్ని చూసుకునే టెక్నీషియన్ ఒకాయన ఉండేవారు. ఆయిల్ మార్చిన తేదీని మార్కర్‌తో పంపు మీదే రాసేవారు. సెలవు రోజుల్లో దుమ్ము పడకుండా పాత పంచెతో ఒక తొడుగు కుట్టించారు. శబ్దం విని "దీనికి జలుబు చేసింది" అనేవారు తమిళంలో. ఆయన రిటైరయ్యారు. ఆ పోస్టు నింపలేదు. ఆరు నెలలకు పంపు ఆగింది. సీలు రింగు అరిగిందంతే, రెండు వందల రూపాయల వస్తువు. కానీ మెయింటెనెన్స్‌కు ఏ పద్దులో రాయాలి? ప్రాజెక్టు ముగిసింది. డిపార్ట్‌మెంట్‌కు మరమ్మతు గ్రాంటు లేదు. ఎనిమిది నెలలు ముగ్గురు స్కాలర్లు ఖాళీగా కూర్చున్నారు. అదే ఏడాది పక్క గదికి ఇంకో కొత్త యంత్రం మంజూరైంది, రిబ్బన్ కటింగ్‌కు నేనూ వెళ్లాను, కాజు బర్ఫీ ఇచ్చారు.

ప్రభుత్వాలు యంత్రానికి ఇచ్చినంత తేలిగ్గా దాన్ని నడిపే మనిషికి ఇవ్వవు. యంత్రం ఒకసారి ఖర్చు. మనిషి అయితే నెలనెలా జీతం, ఆపైన పెన్షన్. ఫైనాన్స్ వాళ్ల భయం నాకు తెలుసు, నేనూ ఆ బల్లకు ఇటువైపే కూర్చున్నవాణ్ని. అయినా చెబుతున్నాను.

రీసెర్చ్ స్కాలర్‌కు ఎంత ఇస్తారు?

జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, నెలకు 37,000, సీనియర్ అయ్యాక 42,000, ఇంటద్దె భత్యం అదనం. ఈ రేట్లు 2023 జనవరి నుంచి. ప్రధానమంత్రి ఫెలోషిప్ అయితే 70,000తో మొదలవుతుంది, కానీ అది కొద్దిమందికే. మొత్తం తక్కువని కాదు గొడవ, ఏ నెలలో వస్తుందో తెలియదు. నాలుగు నెలలు ఆగి ఒకేసారి పడిన సందర్భాలున్నాయి. ఒక ఒంగోలు అమ్మాయి ప్రతి నెలా ఐదో తేదీన మా సెక్షన్ గుమ్మం దగ్గర నిలబడేది, ఏమీ అడిగేది కాదు. నేను తల అడ్డంగా ఊపితే వెళ్లిపోయేది. హాస్టల్ మెస్ బకాయి కోసం ఆ పిల్ల గొలుసు తాకట్టు పెట్టిందని తర్వాత తెలిసింది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిస్థితి ఏమిటి?

దేశంలో పై చదువులు చదివేవాళ్లు 2021-22 సర్వే ప్రకారం 4.33 కోట్లు. ఐఐటీల్లో ఉన్నవాళ్లు అందులో చిటికెడు. అసలు జనమంతా రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, వాటి కింది కాలేజీల్లోనే ఉన్నారు. తమిళనాడులో ఆ వయసు పిల్లల్లో 47 శాతం కాలేజీకి వెళ్తున్నారు, దేశం సగటు 28.4. ఆ ఘనత వీటిదే.

డబ్బు మాత్రం పైనుంచి కిందికి వచ్చేసరికి పల్చబడుతుంది. 2013లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల కోసం కేంద్రం రూసా అని ఒక పథకం పెట్టింది, 2023లో పీఎం ఉషగా మార్చారు, మూడేళ్లకు సుమారు 12,900 కోట్లు. ఎంపికైన 35 విశ్వవిద్యాలయాలకు తలా వంద కోట్లు. మామూలు రాష్ట్రాలైతే 40 శాతం తాము పెట్టుకోవాలి. కేంద్రం, రాష్ట్రం ఒక మాట మీద ఉంటే సరే. లేకపోతే అణ్ణా యూనివర్సిటీకి జరిగినట్టు జరుగుతుంది. దాన్ని ఉత్కృష్ట సంస్థగా (ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్) చేద్దామన్న ప్రతిపాదన రాష్ట్రం వాటా ఎంత, 69 శాతం రిజర్వేషన్ ఏమవుతుంది అన్న వాదనల్లో పడి 2020లో ఆగిపోయింది. ఎవరిది తప్పు అంటే మా మెట్ల దగ్గర ఇప్పటికీ రెండు పార్టీలు. రిజర్వేషన్ భయం ఉత్తదేం కాదని నా అభిప్రాయం, దాన్ని కాగితం మీద ముందే తేల్చి ఇచ్చి ఉంటే సరిపోయేది.

1857లో పుట్టిన మద్రాస్ యూనివర్సిటీకి 2023 ఆగస్టులో వైస్ ఛాన్స‌లర్ పదవీకాలం ముగిసింది. కొత్తవారిని ఎవరు నియమించాలన్న తగువు గవర్నరుకూ ప్రభుత్వానికీ మధ్య నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కుర్చీలో మనిషి లేకపోతే పెద్ద ప్రాజెక్టుకు పూచీ సంతకం ఎవరు పెడతారు? ఇంకోటి, అనుబంధ కాలేజీలు. అణ్ణా యూనివర్సిటీ కింద నాలుగు వందలకు పైగా ఉన్నాయి. అన్నిటికీ పేపర్లు దిద్ది, రిజల్ట్స్ ఇచ్చి, రీవాల్యుయేషన్ చేసేసరికి ఏడాది అయిపోతుంది. పరిశోధన ఆదివారం పని అవుతుంది.

సంస్కరణలు, స్వయంప్రతిపత్తి అంటారు. అంటే ఫీజులు పెంచడమేనా?

ఆ అనుమానం ఉండటం మంచిదే. 2020 విద్యా విధానం చదువు మీద జీడీపీలో 6 శాతం పెట్టాలంటుంది. ఈ మాట 1960ల్లో కొఠారి కమిషన్ నుంచి వింటున్నదే. ఇంకోవైపు 2017లో హెఫా అని బెంగళూరు కేంద్రంగా ఒక సంస్థ పెట్టి, భవనాలకు, పరికరాలకు గ్రాంటు బదులు అప్పు ఇవ్వడం మొదలుపెట్టారు. సంస్థను బట్టి అసలులో కొంతో, మొత్తమో తన సొంత ఆదాయం నుంచి తీర్చాలి. సొంత ఆదాయం అంటే చాలా చోట్ల ఫీజే కదా? కొనుగోళ్లలో, నియామకాల్లో స్వేచ్ఛ ఇస్తే నేను చేతులెత్తి మొక్కుతాను. ఖర్చు నీదే చూసుకో అనే స్వేచ్ఛ వేరు.

దాతలు ఇస్తున్నారు కదా, ప్రభుత్వం మీద ఎందుకు పడటం?

బాపట్లలో పుట్టి, 1970లో ఐఐటీ మద్రాస్‌లో ఎంటెక్ చేసిన చివుకుల కృష్ణ గారు 2024లో ఆ సంస్థకు 228 కోట్లు ఇచ్చారు. లోహపు పొడిని అచ్చుపోసి చిన్న చిన్న భాగాలు చేసే ఆయన కంపెనీ బెంగళూరులో ఉంది. మనవాడు అని గర్వంగా ఉంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు (ఐఐఎస్‌సీ) 2022లో బాగ్చీ, పార్థసారథి దంపతులు ఆసుపత్రి కోసం 425 కోట్లు ఇచ్చారు. అసలు ఆ సంస్థే జంషెడ్జీ టాటా ఆస్తితో, మైసూరు సంస్థానం ఇచ్చిన 371 ఎకరాలతో పుట్టింది.

కానీ ఇచ్చేవాళ్లు తాము చదివిన చోటికి ఇస్తారు, అది సహజం. జిల్లా విశ్వవిద్యాలయంలో చదివినవాడు సంపాదించేసరికి ముందు చెల్లెలి పెళ్లి, ఊళ్లో ఇల్లు. వంద కోట్ల వంతు వచ్చేది ఎప్పుడు?

ప్రొఫెసర్ కనిపెట్టినది ఎవరి సొంతం?

సంస్థను బట్టి. అమెరికాలో 1980లో బే-డోల్ చట్టం తెచ్చి, ప్రభుత్వ సొమ్ముతో కనిపెట్టినదాని హక్కు విశ్వవిద్యాలయం ఉంచుకోవచ్చన్నారు. మన దగ్గర 2008లో అలాంటి బిల్లు రాజ్యసభకు వచ్చి, తర్వాత వెనక్కి పోయింది. కాబట్టి ఎవరి నియమం వాళ్లది. 2021 నుంచి విద్యాసంస్థలకు పేటెంటు ఫీజు 80 శాతం తగ్గింది, దరఖాస్తులు విపరీతంగా పెరిగాయి. ర్యాంకుల కోసం వేసినవీ అందులో బోలెడు.

మావాడికి పరిశోధన అంటే ఇష్టం. కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

బ్రోషర్ పక్కన పెట్టండి. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లి ల్యాబ్‌లో లైటు వెలుగుతోందా చూడండి. ల్యాబ్‌లో టెక్నీషియన్ ఉన్నారా, ఉంటే పర్మనెంటా కాంట్రాక్టా అడగండి. పెద్ద యంత్రం పక్కన లాగ్ బుక్ ఉంటుంది, చివరి ఎంట్రీ తేదీ ఏదో చూడండి. ఆ ఒక్క తేదీ చాలు. ఐఐటీ సీటు రాలేదని ఏడవక్కర్లేదు, ఐఐటీ మద్రాస్ 2020లో పెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు, వేరే డిగ్రీ చదువుతూనే చేయొచ్చు.

మరి ఆ పంపు ఏమైంది?

ఇది చెప్పకుండా వదలరని తెలుసు. రిటైరైన ఆ టెక్నీషియన్‌కు ఎవరో స్కాలర్ ఫోన్ చేశాడట. ఒక శనివారం తాంబరం నుంచి బస్సులో వచ్చారు. ముందు ప్యారీస్ కార్నర్ బజారుకు వెళ్లి సీలు రింగు కొనుక్కొచ్చారు, నూట ఎనభై రూపాయలు. బిగించి, ఆయిల్ పోసి, మార్కర్ అడిగి తేదీ రాశారు. నా దగ్గర ఆ నూట ఎనభై ఇవ్వడానికి పద్దు లేదు. జేబులోంచి తీసిస్తే తీసుకోలేదు, కాఫీ తాగారు. రెండు నెలల తర్వాత మరమ్మతు ఫైలు పైనుంచి తిరిగొచ్చింది. "పంపు పనిచేయడం లేదని ధ్రువపత్రం జతచేయవలెను" అని రాసి ఉంది.